క్లారినెట్టునకు తగిన పెట్టె

వాద్యమును కొనునపుడు పదిమందిని విచారించి, నాలుగు దుకాణములు తిరిగి, పలికించి చూచి కొనుట అందఱును చేయు పనియే. ఆ వాద్యము నివసింపవలసిన పెట్టెను గూర్చి మాత్రము విచారించువారు అరుదు. దుకాణదారుడు ఇచ్చినదేదో తీసికొని, పిడి యున్నది గదా, మూత పడుచున్నది గదా యని తృప్తి నొందుదురు. మేమును కొంతకాలము అట్టివారిలోనివారమే. కాని క్లారినెట్టు దినమునకు ఒక గంట వాదకుని చేతిలో నుండినయెడల, తక్కిన ఇరువదిమూడు గంటలును పెట్టెలోనే యుండును. ఆ ఇరువదిమూడు గంటలలో దానికి కలుగు మేలుకీడులు పెక్కులు పెట్టెవలననే కలుగును. మన పాఠశాల బ్యాండులో చేరగోరు బాలబాలికలకును, వారికి వాద్యము కొనియిచ్చు తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి, ఈ విషయమున మేము తెలిసికొన్నదానిని ఇక్కడ వివరించుచున్నాము. ఇందు కొంత పెద్దలవలన నేర్చినది. కొంత మా పొరపాటువలన నేర్చినది.

ముందుగా పెట్టెలో నుంచవలసిన వస్తువు ఎట్టిదో చూతము. బ్యాండులలో సాధారణముగా వాడబడు బి-ఫ్లాట్ క్లారినెట్టు, భాగములన్నియు కూర్చినపుడు, సుమారు 66 సెంటీమీటర్ల పొడవుండును. దానిని ఐదు భాగములుగా విడదీయవచ్చును. నోట నుంచుకొను మౌత్‌పీసు మొదటిది. దాని క్రింద సుమారు 65 మిల్లీమీటర్ల పొడవుగల చిన్న పీపావంటి బ్యారెల్ రెండవది. ఎడమచేతితో పట్టుకొను పైభాగము మూడవది. కుడిచేతితో పట్టుకొను క్రిందిభాగము నాలుగవది. గంటవలె విచ్చుకొనియుండు బెల్ ఐదవది. ఒక భాగము మఱొక భాగములో దూరుచోట కార్కు చుట్టబడియుండును. కావున పెట్టెయందు ఐదు భాగములకు ఐదు పడకలు కావలెను. అందు పొడవైనది క్రిందిభాగము గనుక పెట్టె పొడవు దానినిబట్టియు, వెడల్పైనది బెల్ గనుక పెట్టె లోతు దానినిబట్టియు ఏర్పడును. బెల్ అంచు సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పు గలది. ఇంతకంటె పలుచని పెట్టె యేదైన కనబడినచో, అందు బెల్ ఎట్లు పట్టునని మొదట ప్రశ్నింపవలెను.

కఱ్ఱగొట్టము కంటె దానిపైనున్న మీటలు సుకుమారములు. నేడు వాడుకలో నున్న క్లారినెట్టుకు సాధారణముగా 17 మీటలును 6 ఉంగరములును ఉండును. ఒక్కొక్క మీట చివర రంధ్రమును మూయు మెత్తని ప్యాడ్ లక్కతోగాని జిగురుతోగాని అంటింపబడియుండును. ప్యాడ్ రంధ్రముపై సమముగా కూర్చుండిననే స్వరము పలుకును. కాగితపు మందమంత సందు ఏర్పడినను గాలి తప్పించుకొనిపోవును. పైభాగమునకును క్రిందిభాగమునకును నడుమ వంతెనవంటి మీట యొకటి కలదు. కుడిచేతి వ్రేళ్లు క్రింద ఉంగరమును అదిమినపుడు, ఈ వంతెన పైభాగమునందలి ప్యాడ్‌ను కూడ మూయును. దానిలో సగము పైభాగముమీదను, సగము క్రిందిభాగముమీదను ఉండుటచేత, వాద్యమును విప్పినపుడు రెండు సగములును ఆధారము లేక పొడుచుకొని వచ్చి యుండును. పెట్టెలో మొదట దెబ్బ తినునవి ఇవియే. చదువరులు ఈ వంతెనమీటను జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీని ప్రసక్తి రాగలదు.

ఈ వాద్యము మన దేశమున పుట్టినది కాదు. జర్మనీలోని నూరెంబర్గు పట్టణమున వాద్యములు చేయుచుండిన యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ (1655–1707) అను నతడు 18వ శతాబ్దపు తొలి సంవత్సరములలో దీనిని రూపొందించెనని చెప్పుదురు. 1839లో పారిస్ నగరమున క్లోజే యను వాదకుడును, బ్యుఫే యను వాద్యశిల్పియు కలసి ఏర్పఱచిన మీటల పద్ధతి ప్రదర్శింపబడెను. అదియే నేడు మిక్కిలి వ్యాపించియున్నది. 19వ శతాబ్దమునందు తంజావూరి మహాదేవ నట్టువనారు దీనిని కర్ణాటక సంగీతమునకు తెచ్చెనని ప్రసిద్ధి. ఆ సంగీతమున క్లారినెట్టు వాదకులుగా పేరొందిన ఏ.కే.సీ. నటరాజన్ గారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఇక మన తెలుగునాట పెండ్లి బ్యాండు మేళములలో దీని నాదము వినని వారుండరు.

ఇట్లు వాద్యము మనదైనను, చలిదేశమున పుట్టినదానికి మన యెండలును వానలును కఠినములే. మేలైన క్లారినెట్టులు టాంజానియా, మొజాంబిక్ మొదలగు ఆఫ్రికా దేశములలో పెరుగు నల్లచేవ మ్రానుతో చేయబడును. అది మన అడవులలోని ఇరుగుడు చెట్టునకు దాయాది. నీట వేసిన మునుగునంత బరువైనది. అంత గట్టి కఱ్ఱ యైనను, లోపల ఊపిరి తేమయు, వెలుపల పొడిగాలియు తగులుటచేత ఒకవైపు ఉబ్బి, ఒకవైపు బిగిసి, బీటలు వాఱవచ్చును. ఆ బీట సామాన్యముగా ఊపిరికి దగ్గఱగానుండు పైభాగమునందు కనబడును. విద్యార్థుల వాద్యములు పెక్కులు గట్టి ప్లాస్టిక్‌తో చేయబడును. వానికి ఈ భయము లేదు. కాని మీటలు వంగుట, ప్యాడ్లు చెడుట, కార్కు ఊడుట రెండింటికిని సమానమే. మండుటెండలో నిలిపిన మోటారుబండిలో నుంచినయెడల ప్యాడ్లను పట్టియుంచు లక్కయో జిగురో మెత్తబడి, అవి చోటు తప్పును.

కావున పెట్టె కాపాడవలసిన శత్రువులు మూడు. మొదటిది వెలుపలనుండి తగులు దెబ్బ. రెండవది పెట్టెలోపలి కదలిక. మూడవది తేమయు వేడియు. జనులు సామాన్యముగా మొదటిదానినే తలతురు. పెట్టె గట్టిగానున్నదా యని వ్రేళ్లతో తట్టి చూతురు. మా అనుభవమున రెండవ శత్రువే మిక్కిలి హాని చేయునది. ఏలయనగా అది కంటికి కనబడదు.

మా పొరపాటును ఇక్కడ చెప్పుట యుక్తము. కొన్ని సంవత్సరముల క్రిందట మా బ్యాండులోని ఒక క్లారినెట్టు పెట్టెకు బందు విఱిగెను. క్రొత్త పెట్టె కొనుటకు మేమే పట్టణమునకు పోతిమి. అక్కడ రెండు పెట్టెలు చూపిరి. ఒకటి నల్లగుడ్డ తొడిగిన సాదా పెట్టె. రెండవది తోలువలె మెఱయు పైకప్పును, పసిడిరంగు గడియలును, లోపల ఎఱ్ఱని ముఖమలును గలది. పైగా వెల కొంచెము తక్కువ. వార్షికోత్సవమునాడు వేదికమీద శోభగా నుండునని దానినే తీసికొంటిమి. లోపలి పడకలు మా వాద్యమునకు సరిపోవునో లేదో చూడలేదు. అసలు వాద్యమును వెంట తీసికొనిపోలేదు. “పైన పటారము, లోన లొటారము” అను సామెత మాకు తెలియనిది కాదు. ఆనాడు జ్ఞప్తికి రాలేదు.

ఆ పెట్టెలో ఉపకరణములకు చిన్న అర యొక్కటే యుండెను. కవాతులో నడచుచు వాయించునపుడు స్వరముల కాగితమును నిలుపుటకు, లైర్ అను చిన్న లోహపు పట్టును వాద్యమునకు తగిలింతురు. అది ఆ అరలో పట్టలేదు. ఆ క్లారినెట్టు వాయించుచుండిన తొమ్మిదవ తరగతి బాలుడు దానిని చొక్కాజేబులో వేసికొనుచుండగా, “పోగొట్టుదువు, పెట్టెలోనే యుంచుము” అని మేము చెప్పితిమి. అతడు మా మాట జవదాటక, క్రిందిభాగము ప్రక్కనున్న సందులో దానినుంచి, మూతవేసి, పెట్టెను సైకిలు వెనుక కట్టుకొని ఇంటికి పోవుచుండెను.

కొన్ని వారములకు అతని వాయింపులో ఒక్క స్వరము చెడెను. ఎడమచేతి బొటనవ్రేలితో వెనుక రంధ్రమును మూసి, రెండుచేతుల చూపుడువ్రేళ్లను దించి పలికించు స్వరమది. తక్కిన స్వరములన్నియు చక్కగా పలుకుచుండెను. ఒక్కటియే తప్పుచున్నందున అది వ్రేళ్ల దోషమని మేము నిశ్చయించుకొంటిమి. “మాస్టారూ, వ్రేళ్లు సరిగానే పెట్టుచున్నాను, అదియే పలుకుట లేదు” అని అతడు రెండుమూడు పర్యాయములు చెప్పెను. సాధన చేయనివారు చెప్పు మాట ఇదియే గదా యని మేము చెవిని పెట్టలేదు. జనవరి 26వ తేదీ కవాతునకు అతనిని నిలువనీయక, సొంత వాద్యము గల వేఱొక బాలుని నిలిపితిమి. మఱునాడు అతడు పెట్టెను తెచ్చి మా బల్లమీద నుంచి, మాటలాడక వెడలిపోయెను.

పిమ్మట ఆ క్లారినెట్టును ఒక బాలికకు ఇచ్చితిమి. ఆమె శ్రద్ధగా సాధన చేయునది. ఆమెకును ఆ స్వరమే పలుకలేదు. అప్పుడు గాని మాకు అనుమానము కలుగలేదు. వాద్యమును బాగుచేయు ఒక పెద్దమనిషి యొద్దకు తీసికొనిపోతిమి. ఆయన వాద్యమును చూచుటకు ముందు పెట్టెను చూచెను. మూత తీయకయే దానిని చెవియొద్ద నుంచుకొని మెల్లగా అటునిటు వంచెను. లోపల గలగలమని చప్పుడయ్యెను. “అయ్యా, దీనిలో ఏమి పోసినారు?” అని అడిగెను. తెఱచి చూడగా లైర్ తన చోటునుండి జాఱి, క్రిందిభాగమునందలి వంతెనమీటపై పడియుండెను. దానిని అదిమిన చోట మూతలోని ముఖమలు నలిగి గుంటపడియుండెను. మీట వెండ్రుకవాసి క్రిందికి వంగినది. అందుచేత కుడిచేతి చూపుడువ్రేలు ఉంగరమును అదిమినను, పైభాగమునందలి ప్యాడ్ మూతపడుట లేదు. ఆ సహాయము కోరు స్వరము కనుకనే అది యొక్కటియే చెడెను. దానిని సరిచేయుటకు ఆయనకు పది నిమిషములు పట్టినది.

ఆ సాయంకాలమే మేము ఆ బాలుని యింటికి పోయి, “తప్పు నీది కాదు నాయనా, మాది” అని అతని తండ్రి యెదుటనే చెప్పితిమి. “ఫరవాలేదు మాస్టారూ” అని అతడు తల వంచుకొనెను. కాని మరల క్లారినెట్టును చేపట్టలేదు. డ్రమ్ము అడిగి తీసికొనెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, మేము అప్పటినుండి పెట్టెలను గూర్చి విచారింప మొదలిడితిమి.

ఇక పెట్టెలలోని రకములను చూతము. మెత్తని సంచి మొదటి రకము. ఇది తేలికయు చౌకయు నైనను, పైన పుస్తకముల బరువు పడినచో ఆ బరువు నేరుగా మీటలపై పడును. ఇంటిలో ఒక గదినుండి మఱొక గదికి తీసికొనిపోవుటకు తప్ప ఇది తగదు.

రెండవది పలుచని ప్లైవుడ్ బల్లలతో చేసి, పైన గుడ్డయో రెగ్జినో అంటించి, లోపల ముఖమలు అస్తరు వేసిన పెట్టె. ఇది బరువైనది. ఐనను గట్టిది, పైన వేఱొక సామాను పడినను ఓర్చును. పిడి ఊడినను, గడియ విఱిగినను, మన ఊరిలో తోలుసంచులు బాగుచేయువారు దానిని సరిచేయగలరు. వానలో మిక్కిలి తడిసినచో మాత్రము బల్లల అతుకులు వీడవచ్చును.

మూడవది అచ్చులో పోసిన ప్లాస్టిక్ పెట్టె. క్రొత్త విద్యార్థి వాద్యములతో తఱచుగా ఇదియే వచ్చును. నీటికి వెఱవదు, తుడిచిన శుభ్రమగును. కాని గడియలు ప్లాస్టిక్‌తోనే చేయబడినయెడల, అవి విఱిగిన పిమ్మట మార్చుట కష్టము. మూలలు నేలకు తగిలిన చోట పగులును.

నాలుగవది గట్టి ఫోము దిమ్మెను తొలిచి, పైన దట్టమైన నైలాను గుడ్డ తొడిగి, జిప్‌తో మూయు పెట్టె. ఇది మిక్కిలి తేలిక. వీపున తగిలించుకొనుటకు పట్టీలు గలవి కూడ దొరకును. దూరమునుండి నడచియో సైకిలుమీదనో వచ్చు బాలబాలికలకు ఇది మేలు. దీని ప్రాణము జిప్‌లో నున్నది. జిప్ పండ్లు పెద్దవిగా నుండి, లాగెడి తలలు రెండుండుట మంచిది. ఒకటి చెడినను రెండవది పనిచేయును. జిప్ పాడైనచో దర్జీ క్రొత్తది కుట్టగలడు.

ఇవిగాక రెండు క్లారినెట్టులు పట్టు జోడుపెట్టెలు కలవు. పాశ్చాత్య వాద్యబృందములలో వాదకునకు బి-ఫ్లాట్ వాద్యమొకటియు, కొంచెము పొడవైన ఏ-వాద్యమొకటియు కావలసియుండును. అట్టివారికై ఏర్పడినవి అవి. మన బ్యాండు విద్యార్థికి అట్టి పెట్టె భారము మాత్రమే. పైభాగమును క్రిందిభాగమును విడదీయకయే యుంచునట్టి పొడవైన పెట్టెలు కూడ కలవు. వానిలో కూర్చు పని తప్పును గాని, అతుకులయందలి తేమ ఆఱదు. కార్కు నలిగి వదులగును. నేర్చుకొనువారికి విడదీసి, తుడిచి, ఉంచుటయే మంచి అలవాటు.

ఏ రకము నెన్నుకొన్నను, కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని కలవు. మొదటి నియమము: మీ వాద్యమును వెంట తీసికొనిపోవుడు. క్లారినెట్టులన్నియు ఒకే మాదిరిగా కనబడినను మీటల అమరిక ఒక్కటి కాదు. పాతపద్ధతి వాద్యమునకును నేటి పద్ధతి వాద్యమునకును మీటలు వేఱువేఱు చోట్ల నుండును. ఒకదానికి మెత్తని పడకయైనది మఱొకదానికి ముల్లగును.

ఐదు భాగములను పడకలలో నుంచి చూడుడు. ఒక్కొక్క భాగము తన గుంటలో బలవంతము లేక కూర్చుండవలెను. కూర్చుండిన పిమ్మట కదలరాదు. పడక ఆనవలసినది కఱ్ఱకు గాని మీటలకు కాదు. మీటలున్న చోట పడక లోతుగా తొలిచి యుండవలెను. తరువాత మూతలోని మెత్తను చూడుడు. అది భాగములను మృదువుగా పట్టియుంచవలెను గాని అదిమిపెట్టరాదు. మూత వేయుటకు బలము కావలసినచో, ఆ బలమంతయు మీటలు మోయుచున్నవని తెలిసికొనవలెను.

పిమ్మట మూతవేసి, గడియలు బిగించి, మెత్తని పరుపుమీదుగా పెట్టెను పట్టుకొని, మెల్లగా అన్నివైపులకును వంచి వినుడు. చప్పుడు లేకుండవలెను. మాకు ఆ పెద్దమనిషి నేర్పిన పరీక్ష ఇదియే. దీనికి కాసు ఖర్చు లేదు. కొంచెము చప్పుడైనచో ఏ భాగము కదలుచున్నదో చూచి, అక్కడ మెత్తని నూలుగుడ్డ మడిచి యుంచిన సరిపోవునా యని ఆలోచింపవచ్చును. ఎక్కువగా కదలునట్టి పెట్టెను వదలివేయుడు.

గడియలు రెండుండవలెను. ఒకటి తీసి, రెండవదానితోనే మూత నిలుచునో లేదో చూడుడు. పిడిని పట్టి లాగి చూడుడు. అది పెట్టె బల్లకు మేకులతో గట్టిగా బిగింపబడియుండవలెను గాని, పైగుడ్డకు మాత్రమే కుట్టబడియుండరాదు. పెట్టెను నేలపై నుంచినపుడు ఒరిగిపోక నిలువవలెను. బందులు మూత వెడల్పునకు తగినంత బలముగా నుండవలెను.

మఱొక చిన్న విషయము కలదు. చిన్నదైనను దానివలన వాద్యములు చెడుట మేమెఱుగుదుము. పెక్కు పెట్టెలకు పైవైపేదో క్రిందివైపేదో వెలుపల గుఱుతుండదు. తొందరలో బాలుడు పెట్టెను తలక్రిందులుగా నుంచి తెఱచును. ఐదు భాగములును నేలపాలగును. కావున పైమూతకు స్పష్టమైన గుఱుతు గల పెట్టెను కొనవలెను. లేనియెడల కొన్ననాడే గుఱుతు పెట్టవలెను.

ఇక ఉపకరణముల సంగతి. ఒక ఒఱలో రెండు కత్తులు ఇమడవని సామెత. వాద్యముండు చోట వేఱొక గట్టి వస్తువు ఉండరాదని మనము దానిని అన్వయించుకొనవచ్చును. క్లారినెట్టు విద్యార్థికి కావలసినవి ఇవి: మూడు నాలుగు రీడులు, వానినుంచుకొను చిన్న డబ్బా, కార్కునకు పూయు గ్రీజు, లోపల తుడుచు గుడ్డ, మౌత్‌పీసు మూత, రీడును బిగించు లిగేచరు, ఒక పెన్సిలు, కవాతు చేయువారికి లైర్. వీనిలో రీడు డబ్బాయు, గ్రీజును, మూతగల గట్టి అరలో నుంచవచ్చును. రీడు ఒక జాతి రెల్లునుండి చేసిన పలుచని బద్ద. దాని అంచు గోటికి తగిలినను చిట్లును గనుక విడిగా ఎక్కడనో పడవేయరాదు. గ్రీజు వేసవిలో కరగి కాఱును గనుక దాని మూత గట్టిగా బిగించి, చిన్న ప్లాస్టిక్ సంచిలో చుట్టి యుంచవలెను.

తడిసిన గుడ్డను వాద్యముతో కలిపి మూతవేయుట మిక్కిలి తప్పు. తుడిచి తీసిన తేమను తిరిగి వాద్యమునకే ఇచ్చినట్లగును. ఆ గుడ్డను పెట్టె వెలుపలి జేబులో నుంచి, ఇంటికి పోయి ఆఱవేయవలెను. లైర్, స్క్రూడ్రైవరు మొదలగు లోహపు వస్తువులును వెలుపలి జేబులోనే యుండవలెను. కావున వెలుపలి జేబు గల పెట్టె, లేదా పెట్టెకు తొడుగు సంచి, అలంకారము కాదు, అవసరము. స్వరముల పుస్తకమును మాత్రము ఆ జేబులో మడిచి కుక్కరాదు. దానికి వేఱుగా అట్ట ఫైలు ఉంచుకొనుడు. నీళ్ల సీసాను, టిఫిను డబ్బాను క్లారినెట్టుతో ఒకే సంచిలో నుంచువారిని మేము చూచితిమి. వారికి వేఱుగా చెప్పవలసినది లేదు.

పెట్టెను ఎన్నుకొనునపుడు అది పోవలసిన దారిని కూడ తలపోయవలెను. వాద్యము పాఠశాల బీరువాలోనే యుండి, వారమునకు రెండుసార్లు మాత్రమే వెలుపలికి వచ్చునదైనచో బరువైన ప్లైవుడ్ పెట్టెయే మేలు. దినదినము బస్సులో నిలబడి పోవు బాలికకు వీపున తగిలించుకొను తేలికపాటి పెట్టె మేలు. క్రిక్కిరిసిన బస్సులో దానిని వీపునుండి తీసి ముందుకు పట్టుకొనవలెను. సైకిలుమీద పోవువారు పెట్టెను వెనుక క్యారియరుకు కట్టరాదు. గతుకుల దారిలో కలుగు అదురు మీటల సన్నని మరలను ఒక్కొక్కటిగా వదులుచేయును. వీపున నుంచుకొన్నచో మన శరీరమే ఆ అదురును తీసికొనును. రైలులో పోవునపుడు పైబల్లమీద అంచున నుంచక, ఒడిలోనో తలప్రక్కనో ఉంచుకొనవలెను. విమానమెక్కువారు దానిని చేతిసామానుగానే తీసికొనిపోవలెను.

కొన్న పిమ్మట పెట్టెకు కూడ సంరక్షణము కావలెను. మన కోస్తా మండలములలో వానకాలమున ముఖమలు అస్తరుకు బూజుపట్టును. ఆ కాలమున వారమున కొకసారి భాగములను తీసి శుభ్రమైన గుడ్డపై నుంచి, ఖాళీ పెట్టెను తెఱచి గాలి తగులనీయవలెను. పెట్టెలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లమొకటి యుంచుట మంచిదే. కాని కఱ్ఱ వాద్యమునకు ఎండకాలమున దానిని తీసివేయవలెను. ఏలయనగా అతిగా ఆఱుటయు కఱ్ఱకు కీడే. పెట్టె ఎంత మంచిదైనను ఎండలో నిలిపిన బండిలోను, వంటయింటి పొయ్యి దగ్గఱను ఉంచరాదు. మూలలలో చేరిన దుమ్మును మెత్తని కుంచెతో దులుపవలెను. గడియ వదులైననాడే బాగుచేయించవలెను. ఊడిపడు దినమునకై వేచియుండరాదు.

తలిదండ్రులకు ఒక మాట. పెట్టె వెల ఎక్కువైనంత మాత్రమున మేలైనది కాదు. తక్కువైనంత మాత్రమున లాభము కాదు. మేము రెండు పెట్టెల నడుమ మిగిల్చిన సొమ్ము, మీటను బాగుచేయించుటకును, పిమ్మట మఱొక పెట్టె కొనుటకును చాలలేదు. సొమ్ము పోయినను మరల వచ్చును. ఒక బాలుడు నిజము చెప్పుచుండగా అబద్ధమని తలచితిమే, అది తిరిగి రాదు. ఉపాధ్యాయులమైన మేము ఆనాటినుండి ఒక నియమము పెట్టుకొంటిమి: విద్యార్థి వాయింపులో ఒకే స్వరము పదేపదే తప్పినయెడల, మొదట వాద్యమును చూతుము, తరువాత పెట్టెను చూతుము, ఆ పిమ్మటనే వ్రేళ్లను చూతుము.

ఆ పసిడి గడియల పెట్టెను తీసివేసి, సాదా పెట్టె నొకటి కొనుటకు పోయినపుడు ఆ బాలుని కూడ వెంట రమ్మంటిమి. క్లారినెట్టును తానే మోసికొని వచ్చెను. దుకాణములో ఒక్కొక్క భాగమును పడకలో నుంచి, మూతవేసి, చెవియొద్ద పెట్టుకొని విని, రెండు పెట్టెలను త్రోసివేసి, మూడవదానిని చాలునని చెప్పెను. దానికి వెలుపలి జేబు కలదు. మూతకు గుఱుతు మాత్రము లేదు. పాఠశాలకు వచ్చిన పిమ్మట డ్రమ్ము పట్టీనుండి ఒక ఎఱ్ఱదారము తీసి, మూతవైపు పిడి మొదట ముడివేసెను. ఆ దారము నేటికిని ఉన్నది. మన బ్యాండులో ఆ క్లారినెట్టును చేపట్టువారందఱును, పెట్టెను బల్లమీద నుంచి ఆ దారము పైకున్నదో లేదో చూచిన తరువాతనే గడియ తీయుదురు గాక.